పెళ్ళికూతురు పార్లర్లో ఉంది

"మీ సంగీతం మీద ఎవరి ప్రభావం ఉంది?" అని అడిగేవాళ్ళకి జవాబు ముందే తెలిసి ఉంటుంది. మనం చెప్పింది దానితో సరిపోయిందా లేదా అన్నదే వాళ్ళ పరీక్ష. జమాలెక్‌లో, అంటే కైరోలో డబ్బున్నవాళ్ళ పేటలో, కళల ఫౌండేషన్ నడిపే మదామ్ ఇంజీకి రెండు జవాబులు ఇష్టం. ఒకటి, ఎప్పుడో టేపులు ముక్కలు కోసి అతికించి సంగీతం చేసిన ఒక బట్టతల యూరప్ పెద్దమనిషి. రెండోది, దర్వేషులు, ఎడారి, నైలు నది, వీటిలో ఏదైనా సరే. మొదటిది చెబితే నేను చదువుకున్నదాన్ని. రెండోది చెబితే అచ్చమైనదాన్ని. రెండూ కలిపి చెప్పినవాళ్ళకి విమానం టిక్కెట్టు దొరుకుతుంది.

నేను సూసూ పార్లర్ అన్నాను.

మదామ్ ఇంజీ తల వెనక్కి వాల్చి నవ్వింది. "ఇన్షీ, నీ హాస్యం నాకెంత ఇష్టమో," అంది. నా పేరు ఇన్షిరాహ్. మా అమ్మమ్మ పేరు. మా పేట మతరియ్యాలో కూడా ఇప్పుడెవరూ పిల్లలకి పెట్టడం లేదు. నైలు వంతెన దాటి జమాలెక్‌లో కాలు పెట్టగానే అది ఇన్షీ అయిపోతుంది. కుక్కపిల్లని పిలిచినట్టుంటుంది, కానీ ఆ పేటలో కుక్కపిల్లలకి మర్యాద ఎక్కువ కాబట్టి నేనేమీ అనలేదు.

హాస్యం కాదు, నిజంగా సూసూ పార్లరే. మా నాన్న షెహాతా పెళ్ళిళ్ళలో ఆర్గ్, అంటే కరెంటు కీబోర్డు, వాయించేవాడు. మా వైపు పెళ్ళంటే వీధికి అడ్డంగా గుడారపు గుడ్డ కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మనిషెత్తు స్పీకర్లు నిలబెట్టడం. అతిథులు వస్తారు, షర్బత్ తాగుతారు, పుచ్చగింజలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. పెళ్ళికూతురు మాత్రం సూసూ పార్లర్లో ఉంటుంది. సూసూ తన జీవితంలో ఒక్క పెళ్ళికూతుర్నయినా చెప్పిన వేళకి బయటికి పంపిన పాపాన పోలేదు. ఆమె రాకముందు మొదటి పాట ఎత్తుకోకూడదు, ఆ పాట ఆమెది. అలాగని వాద్యం ఆపి కూర్చోనూ కూడదు. పెళ్ళి పందిట్లో ఆర్గ్ మూగబోయిందంటే ఆ ఇంటికేదో కీడు జరిగిందనుకుని వీధి చివర్నుంచే శోకాలు పెడుతూ వచ్చే ఆడవాళ్ళు మాకు కావలసినంతమంది ఉన్నారు.

మిగతా ఆర్గ్‌వాళ్ళు ఆ వేళలో పాత సినిమా పాటలు నమిలేవాళ్ళు. మా నాన్న ఒక్క స్వరం పట్టుకునేవాడు. ఎడమ చేత్తో కింది స్వరం నొక్కి ఉంచి, కుడి చేత్తో పక్కనున్న చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ ఆ స్వరాన్ని వంచేవాడు. మెట్లకీ మెట్లకీ మధ్య, పేర్లు లేని చోట్లకి తీసుకుపోయేవాడు. ఏమీ జరుగుతున్నట్టుండదు. కానీ కుర్చీలోంచి ఎవరూ లేవలేకపోయేవారు. సందు మలుపులో పెళ్ళికారు హారన్ వినపడగానే చక్రం వదిలేసేవాడు. అప్పుడు డప్పులు పేలేవి. ఆ వదలడం కోసం నేను ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళానో నాకే తెలియదు. పెళ్ళికూతుళ్ళ మొహాలు ఒక్కటీ గుర్తులేవు.

నాన్న పోయాక ఆ ఆర్గ్ నాకు మిగిలింది. విప్పాను, రెండు తీగలు అటూ ఇటూ అతికించాను, దాని కడుపులో దాక్కున్న రొద బయటికి వచ్చేలా చేశాను. సూసూ పార్లర్‌కి వెళ్ళి హెయిర్ డ్రయ్యర్ల మోత రికార్డు చేసుకొచ్చాను. అందులో ఒక డ్రయ్యరు పాడే స్వరం నాన్న పట్టే స్వరానికి ఆనుకుని ఉంటుంది. కొంచెమే తేడా. రెండూ పక్కపక్కన పెడితే మధ్యలో మూడో చప్పుడు వణుకుతూ పుడుతుంది. దాన్ని ఎవరూ వాయించరు, అదే వస్తుంది. ఆ వణుకు మీద మూడేళ్ళు కూర్చున్నాను. మా మెట్లమీద ఎదురైన ప్రతివాడూ మీ ఫ్రిజ్ బాగుచేయించుకోండమ్మా అన్నాడు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కనీసం విన్నారు.

ఆ రచనకి 'పెళ్ళికూతురు పార్లర్లో ఉంది' అని పేరు పెట్టాను. మదామ్ ఇంజీ దాన్ని కార్యక్రమం పత్రంలో 'నైలు శ్వాస' అని అచ్చు వేయించింది. నైలుకి ఇందులో ఏం పని అంటే, "బయటివాళ్ళకి అర్థం కావాలి కదా ఇన్షీ," అంది. బయటివాళ్ళకి పార్లర్ అంటే తెలియదు కాబోలు, అందరూ నది ఒడ్డున తల దువ్వుకుంటారేమో.

సరే, పేరు పోతే పోనీ. నాకు కావలసింది ఒక్కటే. నాన్న పక్కన వేదిక మీద నిలబడి ఆ స్వరం విన్న చెవులు ఈ లోకంలో ఇంక ఒక్క జతే మిగిలాయి. ఆ చెవులు నా రచనని మొదట్నుంచి చివరిదాకా వినాలి.

ఆ చెవులు బయూమి బాబాయివి. రక్తసంబంధమేమీ లేదు, కానీ నాన్నకి తమ్ముడిలాంటివాడే. ఆయన నబత్షీ. అంటే పెళ్ళిలో మైకు ఆయనది. ఎవరు వచ్చారు, ఏ వీధినుంచి వచ్చారు, వాళ్ళ తాత ఎంత మొనగాడు, ఇవన్నీ గొంతు చించుకుని చెప్పి సలాం పెట్టాలి. సలాం అన్న ప్రతిసారీ ఆర్గ్ గబగబా మెట్లు దిగినట్టు ఒక చిన్న విసురు విసరాలి. పేరు పలికాక ఆర్గ్ బదులివ్వలేదంటే ఆ పేరుగలవాడికి అందరిముందూ చెంపదెబ్బ తగిలినట్టే. అప్పుడు కుర్చీలు గాల్లోకి లేస్తాయి. నాన్న చెయ్యి తిమ్మిరెక్కిన రోజుల్లో ఆయన బదులు నేనే వాయించాను కాబట్టి ఆ విసురు నా వేళ్ళకి తెలుసు. మెదడుతో పనిలేకుండా పడిపోతుంది.

బయూమి బాబాయ్ గొప్పలరాయుడు. తన గొంతు విని ఒకసారి ట్రాము ఆగిపోయిందంటాడు. మతరియ్యాలో ట్రాములు అన్నీ వాటంతటవే ఆగిపోయేవి, ఆయన ప్రమేయం ఏమీ లేదు. అయినా నేను పిలవగానే పిస్తా రంగు సూటు ఇస్త్రీ చేయించుకుని, నెత్తికి నూనె రాసుకుని, మైక్రోబస్సెక్కి జమాలెక్ వచ్చాడు.

ఆ సాయంత్రం ఫౌండేషన్ హాల్లో కుర్చీలు లేవు. నేలమీద దిండ్లు. నల్లబట్టల జనం, పిల్లికి కూడా వినపడని అడుగులతో వచ్చి, దిండ్ల మీద కూలబడి కళ్ళు మూసుకున్నారు. బాబాయ్ దిండు వైపు చూసి, "నేనేం రోగినా," అని కాపలావాడి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మదామ్ ఇంజీ మైకు పట్టుకుని శ్వాస గురించీ నది గురించీ మాట్లాడి దిగిపోయింది. ఆమె పక్కనే లార్స్ అనే యూరప్ మనిషి. అక్కడి ఫెస్టివల్‌కి కళాకారులను ఏరుకోవడం అతని ఉద్యోగం. మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుని, ఇంకా నేనేమీ వాయించకముందే తల ఊపడం మొదలుపెట్టాడు.

మొదలుపెట్టాను. స్వరం నిలబడింది. డ్రయ్యరు వచ్చి పక్కన చేరింది. వణుకు పుట్టింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. దగ్గేవాడు దగ్గు మింగేశాడు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. బాబాయ్ మొహం చూద్దామని తలెత్తాను.

ఆయన మొహం పాలిపోయి ఉంది.

ఆయన్నని ఏం లాభం. యాభై ఏళ్ళ అనుభవంలో అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా కూర్చోవడం ఆయన ఒక్క సందర్భంలోనే చూశాడు. వాయించేవాణ్ణి వెలివేసినప్పుడు. పెళ్ళికూతురి తరఫువాళ్ళకి ఆర్గ్‌వాడి మీద కోపం వస్తే అలాగే చేస్తారు, చప్పట్లుండవు, మాటలుండవు, పేర్లు చెప్పించుకోరు, నేల చూస్తూ కూర్చుంటారు. ఆ అవమానం పడ్డవాణ్ణి ఇంక ఆ పేటలో ఎవరూ పిలవరు. షెహాతా కూతురికి పరాయి పేటలో అంత పని జరుగుతుంటే బయూమి చూస్తూ ఊరుకుంటాడా. లేచాడు. సూటు సర్దుకున్నాడు. దిండ్ల మధ్యనుంచి జనం కాళ్ళు తొక్కుకుంటూ వచ్చి మదామ్ వదిలివెళ్ళిన మైకు అందుకున్నాడు.

"బిస్మిల్లా. మొట్టమొదటి సలాం, మట్టిలో ఉన్నా మన మధ్యే ఉన్న షెహాతా ఉస్తాదుకి. సలాం."

నా కుడి చెయ్యి చక్రం వదిలేసి విసురు విసిరింది. నేను విసరలేదు. అది విసిరింది.

"సలాం మతరియ్యాకి, మతరియ్యా మగాళ్ళకి, మగాళ్ళని మించిన ఆడాళ్ళకి. సలాం."

మళ్ళీ విసురు.

"ఇక్కడ నేలమీద కూర్చున్న పెద్దమనుషులకి, కుర్చీలు లేకపోయినా పరువున్నవాళ్ళకి సలాం. మధ్యలో తెల్లటి కోటేసుకున్న మదామ్‌కి, ఇంటి పెద్దకి, దీపాలు పెట్టించినామెకి సలాం. ఆ పక్కన పొడుగు దొరకి, ఏ ఊరో ఏమో, ఆ ఊరికీ సలాం."

జనం కళ్ళు తెరిచారు. ఎవడో ఈల వేశాడు. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు, కేకలు, ఫోన్లు పైకెత్తి వీడియోలు. మూడేళ్ళ నా వణుకు ఆ గోలలో ఎక్కడ పోయిందో కూడా తెలియలేదు. నేను విసురుతూనే ఉన్నాను. ఆపితే ఎవరి పేరో చిన్నబోతుంది మరి.

బయటికి వచ్చాక చెరుకురసం దుకాణం ముందు బాబాయ్ చెమట తుడుచుకుంటూ, "చూశావా, ఎలా కాపాడానో. ఒక్కడైనా కిక్కురుమన్నాడా ముందు? రాళ్ళు. రాళ్ళని డాన్సాడించాను," అన్నాడు.

"బాబాయ్, నీకు దండం పెడతా. వాళ్ళు నన్ను వెలివేయలేదు. వింటున్నారు."

"వినేవాళ్ళు అట్లా ఉంటారా?"

"ఇక్కడ అట్లాగే ఉంటారు. ఇక్కడ నోరు మూసుకోవడమే మర్యాద. ఎంత గట్టిగా మూసుకుంటే అంత గౌరవం."

ఆయన గ్లాసు కిందపెట్టాడు.

"అంటే నేను నమాజులో నిలబడి టమాటాలు అమ్మానన్నమాట," అన్నాడు. "ముందే చెప్పొద్దుటే పిల్లా. నువ్వేం వాయించావో కూడా నేను వినలేదు. నీకు పరువు పోతోందని నా గుండె దడదడలాడుతుంటే ఏం వినపడుద్ది."

అదీ సంగతి. వినవలసిన ఒక్క మనిషీ వినలేదు.

వినని మనిషి ఇంకొకడున్నాడు, కానీ అతని సంతోషం వేరు. మర్నాడు మదామ్ ఇంజీ గదిలో లార్స్ లేచి నిలబడి నాకు కరచాలనం చేశాడు. సొంత శ్వాసని సొంత జనం చేతే నరికించుకున్న సంగీతాన్ని తను ఎక్కడా చూడలేదట. ఆ ముసలాయన అంతరాయం ఒక చారిత్రక గాయమట. నా వేళ్ళు జవాబివ్వడం లొంగుబాటూ తిరుగుబాటూ ఏకకాలంలో అట. నేను మంచినీళ్ళు తాగాను. పత్రికలో రాసే ఒకడు అప్పటికే ఇదంతా అచ్చు వేసేశాడు, నేను నెలల తరబడి బాబాయితో సాధన చేయించానని కూడా రాశాడు. అదే బాబాయికి చదివి వినిపిస్తే, "సాధనా? నాకా?" అని ఒకరోజంతా అన్నం మానేశాడు.

"యూరప్‌లో అయిదారు ఊళ్ళు," అన్నాడు లార్స్. "కానీ ఆ అంతరాయం లేకుండా కాదు."

"అది నా రచనలో లేదు. పొరపాటున జరిగింది."

"అందుకే కదా గొప్పది. మళ్ళీ అలాగే జరగాలి."

మదామ్ ఇంజీ ముందుకు వంగింది. "ఆయన రానక్కర్లేదు ఇన్షీ. వీసాలు, వయసు, ఎందుకు తంటా. గొంతు రికార్డు చేసుకో. ముక్కలు చేసి నొక్కినప్పుడల్లా వచ్చేలా పెట్టుకో. నువ్వు చేసే పనే కదా."

నేను డ్రయ్యర్లను ముక్కలు చేశాను, జనరేటర్లను చేశాను, పాతసామాన్లవాడి కేకని కూడా చేశాను. బయూమి బాబాయ్ సలాం చెప్పాలంటే ఎదురుగా మనిషుండాలి. లేని మనిషికి సలాం చెప్పించి, దాన్ని మీట నొక్కి పలికించడం నాకు రోతగా తోచింది. ఆ మాటే అన్నాను. మదామ్ ఇంజీకి అది కూడా నచ్చింది, నీతి అని రాసుకుంది. అయితే మనిషే రావాలన్నారు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక, అదే హాల్లో కెమెరాల ముందు మళ్ళీ వాయించాలి. ఆయన మళ్ళీ లేచి అడ్డుపడాలి. ఆ వీడియో చూసి లార్స్ పైవాళ్ళు సంతకం పెడతారు. అడ్డుపడకపోతే ప్రయాణం లేదు.

ఆయన్ని ఒప్పించడానికి మదామ్ ఇంజీ స్వయంగా మతరియ్యా వచ్చింది. టుక్‌టుక్‌లో వచ్చి, దిగి, ఫొటో తీయించుకుని, మా వీధి కాఫీ హోటల్లో బాబాయ్ ఎదురుగా కూర్చుంది.

"బయూమీగారూ, పోయినసారి మీరు అప్పటికప్పుడు లేచారు చూడండి. శుక్రవారం కూడా సరిగ్గా అలాగే అప్పటికప్పుడు లేవాలి. మధ్యలో. నేను చెయ్యి ఎత్తుతాను."

"మీరు చెయ్యెత్తితే నేను అప్పటికప్పుడు లేవాలి."

"అంతే."

"పోయినసారి అమ్మాయి పరువు పోతోందనుకుని లేచాను మదామ్. ఈసారి కూడా పోగొడతారా?"

మదామ్ ఇంజీ నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని, మీలాంటి వాళ్ళే మా సంపద అంది. బాబాయ్ ఆ చేతి వైపు చూసి, "ఇన్షా అల్లా," అన్నాడు. ఆమె హాయిగా వెళ్ళిపోయింది. కైరోలో పుట్టి పెరిగిన మనిషి, ఎవరైనా ఇన్షా అల్లా అంటే దాన్ని పట్టుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చా? మా ప్లంబరు ఆ మాట అని ఏడాదయింది.

ఆమె పోయాక బాబాయ్ నన్ను అడిగాడు. "నేను అరిస్తే నువ్వు వెళ్తావు. అరవకపోతే ఇక్కడే ఉంటావు. అంతేనా?"

"అంతే."

"నీకేం కావాలి?"

అరవొద్దు అందామనుకున్నాను. వెళ్ళాలనీ ఉంది. ఎందుకుండదు, ఫ్రిజ్ బాగుచేయించుకోమన్న మనుషుల మధ్య మూడేళ్ళు కూర్చుని చూడండి, తెలుస్తుంది. రెండూ నోటిదాకా వచ్చాయి. "నువ్వు వినాలి బాబాయ్," అన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. పోయినసారి వీడియో చూసినవాళ్ళంతా వచ్చారు. కొందరు ఈలలు వేయడానికి ముందే పెదాలు తడుపుకుంటున్నారు. నల్లబట్టలవాళ్ళు ఈసారి రంగుల చొక్కాలు వేసుకొచ్చారు, ఒకమ్మాయి గాజులు కూడా తొడుక్కుంది. మా వీధి పెళ్ళికి వచ్చానని ఆమె ఉద్దేశం కాబోలు. మదామ్ ఇంజీ బాబాయ్ కోసం ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. హాలు మొత్తానికి అదొక్కటే కుర్చీ, దానిమీద దీపం. చేతికి అందేలా మైకు. వేదిక అంచున నాకు మాత్రమే కనబడేలా ఎర్ర బల్బు ఒకటి పెట్టారు. సమయం అయిపోగానే అది వెలుగుతుంది, నేను ముగించాలి. తర్వాత ఇంకెవరి కార్యక్రమమూ లేదు. అయినా కెమెరావాళ్ళకి ముప్పావు గంటకి మించకూడదట.

బాబాయ్ అదే పిస్తా సూటులో వచ్చి ఆ దీపం కింద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు.

మొదలుపెట్టాను. స్వరం నిలబడింది, డ్రయ్యరు చేరింది, వణుకు పుట్టింది. మదామ్ ఇంజీ చెయ్యెత్తింది. బాబాయ్ ఆ చేతిని చూశాడు. మర్యాదగా తలాడించాడు. కూర్చునే ఉన్నాడు. ఆమె మళ్ళీ ఎత్తింది, ఈసారి రెండు చేతులు. ఆయన నోరు ఇంకా గట్టిగా బిగించాడు, పెదాలు కనబడనంతగా. ఎంత గట్టిగా మూసుకుంటే అంత గౌరవం అని నేనేగా చెప్పింది.

నా అయిదారు ఊళ్ళూ కళ్ళముందే ఒక్కొక్కటీ పోవడం చూస్తూ వాయించాను. మొదట భయం వేసింది. బాబాయ్ మీద కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఆయన్ని అడుక్కోవాలనిపించింది, ఒక్క సలాం, ఒక్కటంటే ఒక్కటి. జనంలో అసహనం మొదలైంది. గాజులమ్మాయి ఫోను చూసుకుంది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. లార్స్ తల ఊపడం మానేశాడు. వాళ్ళు అరుపులకోసం వచ్చారు, పాపం, వాళ్ళకి సంగీతం దొరికింది.

అప్పుడు బాబాయ్ కళ్ళు మూసుకోవడం చూశాను. ఆయన తల కొంచెం పక్కకి, ఎడమవైపుకి తిరిగింది. వేదిక మీద నాన్న ఎప్పుడూ ఆయనకి ఎడమవైపే కూర్చునేవాడు. నాకింక మదామూ లేదు, లార్సూ లేడు. చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పాను. నేను మూడేళ్ళుగా వెతుకుతున్న చోటికి ఆ స్వరం ఆ మధ్యాహ్నమే మొదటిసారి వెళ్ళింది. అక్కడ నిలబెట్టాను. అది నిలబడింది కూడా.

ఎర్ర బల్బు వెలిగింది. నేను మెల్లగా వేళ్ళు తీసేశాను.

చప్పట్లు పడ్డాయి, చెప్పుల్లో ఇసుక దులిపినట్టు. లార్స్ కోటు భుజాన వేసుకుని మదామ్ ఇంజీ చెవిలో ఏదో చెప్పి బయటికి నడిచాడు. అతను చెప్పిందేమిటో ఆమె మొహం చూస్తే తెలిసింది. జనం పలచబడ్డారు. నేను ఆర్గ్ తీగలు ఊడదీయబోతుంటే బాబాయ్ కుర్చీలోంచే పిలిచాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది బాబాయ్."

"సూసూ డ్రయ్యరే కదే అది, ఈల వేసేది? మా పెళ్ళినాడు మా ఆవిడకి కూడా అదే డ్రయ్యరు. ఆ సూసూ చచ్చేదాకా దాన్ని మార్చదు." గొంతు సవరించుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, వాటిని తుడుచుకోవడానికి కూడా ఆయనకి సిగ్గులేదు. "షెహాతా చెయ్యి. అల్లా మీద ఒట్టు, షెహాతా చెయ్యే."

ఈ ఒక్క మాట కోసమే కదా, ఊళ్ళు పోతే పోయాయి అనుకున్నాను. ఇంక ఆయన ఊరుకుని ఉంటే బాగుండేది.

"మరి పెళ్ళికూతురు వచ్చిందా?" అన్నాడు.

"ఇందులో పెళ్ళికూతురు రాదు బాబాయ్. ఇది ఎదురుచూడటం ఒక్కటే."

"రాకపోతే ఎందుకాపావు?"

నేను ఒక తీగ ఊడదీశాను.

"ఆమె రాకముందు మీ నాన్న ఎన్నడైనా వేళ్ళు తీశాడా? జాబిర్ కూతురి పెళ్ళిలో సూసూ ఆ పిల్ల నెత్తి కాల్చేసింది, మళ్ళీ మొదట్నుంచి దువ్వింది. సగం జనం ఇంటికెళ్ళి అన్నాలు తినొచ్చారు. మీ నాన్న తీశాడా?" బాబాయ్ వేలు వేదిక అంచు వైపు చూపించింది. "నువ్వు ఆ బల్బు చూసి తీశావు. ఇక్కణ్ణుంచి నాకు బల్బు కనపడదుగానీ, దాని ఎర్రవెలుగూ, అటు చూసే నీ మొహమూ కనపడ్డాయి. ఆ బల్బా నీకు పెళ్ళికూతురు?"

ఎవరి ప్రభావం అని అడిగే మదామ్‌ని వెక్కిరించిన నోరు నాది. నది పేరు పెట్టారని మండిపడ్డదాన్ని నేను. వాళ్ళ అరుపులు వద్దన్నాను, వాళ్ళ ఊళ్ళు వద్దన్నాను, వాళ్ళ దీపం వెలగ్గానే మాత్రం బడిపిల్లలా వేళ్ళు తీసేశాను. అది ఆయన చెప్పేదాకా నాకు తోచను కూడా లేదు.

అంతలో మదామ్ ఇంజీ వచ్చింది. "కెమెరా ఇంకా ఉంది బయూమీగారూ," అంది అలసటగా. "కనీసం రెండు సలాంలు చెప్పండి. మధ్యలో ఎక్కడో అతికించుకుంటాం. పిల్ల భవిష్యత్తు కదా."

బాబాయ్ లేచి నిలబడి ఆమెకి గుండెలమీద చెయ్యి పెట్టి వంగాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"పెళ్ళికూతురు పార్లర్లో ఉంది మదామ్," అన్నాడు. "రానీండి. రాగానే చెబుతా."

తర్వాత నా వైపు తిరిగి, "ఊఁ, కానీవే," అన్నాడు.

ఎర్ర బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. నేను ఊడదీసిన తీగ మళ్ళీ పెట్టి, ఎడమ చేత్తో కింది స్వరం నొక్కాను. బాబాయ్ సూటు జేబులోంచి పుచ్చగింజల పొట్లం తీసి, ఒడిలో విప్పుకుని, ఒకటి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.